ఒక కంట్లోనే చుక్క

ఫోన్లో మళ్ళీ అదే మాట:
"భయం చాలట్లేదమ్మా, ఇంకాస్త పెంచు."
గ్యాస్ మంటా ఇది, తిప్పగానే పెరగడానికి?

యూసుఫ్‌గూడలో రెండో అంతస్తు,
కిటికీ కింద మిర్చి బజ్జీల బండి.
ఆ నూనె చిటపటల మధ్య
చచ్చిన మనిషి చర్మానికి రంగు వెతుకుతున్నాను.

ఎరుపు వద్దని ఖుద్దూస్ మాస్టర్ ఎప్పుడో చెప్పాడు.
ముషీరాబాద్ షెడ్డులో నలభై అడుగుల హీరోలకు
నిచ్చెనెక్కి మీసాలు దిద్దిన చెయ్యి ఆయనది.
"ఎరుపుకి ఎవరు జడుస్తరు బేటా?
బొట్టు ఎరుపే, మిరపకాయ ఎరుపే,
సిగ్నల్ ఎరుపే, దానికైతే ఎవ్వడూ ఆగనే ఆగడు.
పచ్చ కలుపు. కొంచెమే.
మూడోనాటి పప్పుగిన్నె మూత తీస్తే
పైన తేలుతదే, ఆ పచ్చ."

ఇంకోటి కూడా చెప్పాడు, టీ సాసర్లో పోసుకుంటూ:
"రెండు కండ్లల్ల ఒక్కదాంట్లనే వెలుగు చుక్క పెట్టు.
చూసేటోనికి తప్పేందో తెల్వదు.
తప్పున్నదని మాత్రం తెలుస్తది.
ఇంటికి పోయినంక గూడ తెలుస్తనే ఉంటది."

చిక్కల్లా అక్షరాలతో వచ్చింది.
మన అక్షరాలు గుండ్రన,
పాలు తాగి పడుకున్న పిల్లల పొట్టలు.
భయపెట్టడం వాటికి చేతకాదు.
సినిమా పేరు 'వాకిళ్ళు'.
వా దీర్ఘాన్ని కొక్కెంలా వంచాను.
కి నెత్తిన గుడిలో చీకటి నింపాను.
ళ కింది ళ వత్తుని లాగి లాగి
జడలా రాజమణి భుజం దాకా దించాను.

రాజమణి అంటే కృష్ణానగర్ జూనియర్ ఆర్టిస్టు.
పెళ్ళి సీన్లో వెనక వరస,
ఆసుపత్రి సీన్లో మూడో మంచం.
ఈసారి మొహం ఉండదన్నాం. కళ్ళు, జుట్టు,
తలుపంచున వేళ్ళు, అంతే.
"మొహం లేదని పైసలు తగ్గిస్తరా?" అంది.
మా బాత్రూం తలుపు సందులో నిలబెట్టి
గడ్డం కింద సెల్‌ఫోన్ టార్చి పట్టాను.
కుట్టుమిషన్ సూది దిగి
వంకరపోయిన ఉంగరపు వేలు ఆమెది.
దాన్ని సరిచేయబోయి, ఆగాను.

పైన ముప్పాతిక ఖాళీ వదిలాను. ఉత్త చీకటి.
నిర్మాత గింజుకున్నాడు:
"ఆ ఖాళీకి కూడా ప్రింటింగు డబ్బులు నావే కదా.
గబ్బిలమో, పుర్రెనో, ఏదో ఒకటి పడెయ్."
పన్నెండు రోజులు పోట్లాడాను.
బతుకులో ఇంకేదీ
అంత గట్టిగా కాపాడుకోలేదు నేను.

విడుదల ముందురాత్రి నారాయణగూడ గోడ మీద
మైదా బకెట్టుతో అంటించారు.
తెల్లారేసరికి ఒక ఆవు వచ్చి
ఎడమవైపు జుట్టు నమిలేసింది.
దానికి రంగుల సంగతి తెలీదు, జిగురు రుచి తెలుసు.
స్కూలు ఆటోలో పిల్లలు కళ్ళు మూసుకుని
వేళ్ళ సందుల్లోంచి చూశారు.
మాస్టర్ ఉండుంటే సాసర్ పక్కన పెట్టి నవ్వేవాడు.

మూడోరోజు నా చీకటి నట్టనడుమ
ఎవరో పసుపు కాగితం అతికించారు:
సింగిల్ బెడ్రూం అద్దెకు కలదు.
ఫ్యామిలీలకు మాత్రమే.
దాని కిందే, కళ్ళప్పగించి, ఒంటరి ఆడమనిషి.

రాజమణి కూతురు చందనని తీసుకొచ్చింది చూపించడానికి.
పిల్ల జడవలేదు. తిన్నగా పోయి
తలుపంచున వంకర వేలిని తడిమి
"అమ్మా, నీ సూది వేలు" అంది.

రాజమణి పైకి చూస్తోంది.
నంబరు నొక్కింది. స్పీకర్ పెట్టింది.
"ఎంతమందుంటరు?"
"ఇద్దరం."
"మీ ఆయన ఏం చేస్తడు?"

ఒక బస్సు పోయింది. ఇంకో బస్సు పోయింది.
ఫోన్లో ఎవరో ఊపిరి పీలుస్తున్నారు.
నేను రాజమణి కళ్ళల్లోకి చూశాను.
ఒకదాంట్లోనే ఉంది, చుక్క.